కుంపటి ఆరని చలికాలం

మా ఇంట్లో పొద్దున్నే అన్నిటికంటే ముందు తెరుచుకునేది గుండీల డబ్బా. కిటికీలు, కొట్టు తలుపులు, నా కళ్ళు అన్నీ దాని తర్వాతే. పేరుకి గుండీల డబ్బా గానీ అందులో గుండీ అన్నది ఉండేది కాదు. ముందు రోజు సాయంత్రం మేడ మీద అత్తయ్య ఒకటి, నేను ఒకటి మడిచి పడేసిన చీటీలు ఉండేవి. ఒకే నక్షత్రాన్ని ఇద్దరం చూసి, అది ఎంత వెలుగులో ఉందో ఎవరి అంచనా వాళ్ళు అంకెగా రాసి, రెండో వాళ్ళకి చెప్పకుండా డబ్బాలో వెయ్యాలి. పొద్దున టీ తాగుతూ విప్పాలి. అంతవరకు దాని గురించి నోరెత్తకూడదు. అత్తాకోడళ్ళం ఇంకే విషయం మీదైనా పోట్లాడుకోవచ్చు, ఆ అంకె ఊసు మాత్రం ఎత్తకూడదు.

"రాత్రే చెప్పేసుకుంటే ఏం కొంప మునుగుతుంది అత్తయ్యా?" అని మొదటి వారంలో అడిగాను.

"నా అంకె విన్నాక నువ్వు నక్షత్రాన్ని చూడవు, నా అంకెనే చూస్తావు," అన్నారు ఆవిడ, సూదిలో దారం ఎక్కిస్తూ.

అప్పటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి నాలుగు నెలలు. కింద కుట్టు కొట్టు, పైన రెండు గదులు, ఆపైన మేడ. అత్తయ్య కోట్లు, ప్యాంట్లు కుట్టేవారు. మనిషిని గుమ్మంలో చూసి నడుము కొలత చెప్పేసేవారు, టేపు పెడితే అరంగుళం తేడా వచ్చేది కాదు. నేను కాజాలు తీసి, గుండీలు కుట్టేదాన్ని. మా ఆయన రెండు వీధుల అవతల ఫోటో స్టూడియోలో పనిచేసేవారు. పగలంతా పాస్‌పోర్టు ఫోటోలు తియ్యడం, తీరిక దొరికితే ఆకాశం ఫోటోలు తియ్యడం. తల్లీకొడుకులిద్దరికీ ఒకటే పిచ్చి, కాకపోతే దారులు వేరు. ఆవిడ కంటితో చూసేవారు, ఈయన కెమెరాతో. నలభై ఫోటోలు తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, రంగులు పెంచి పెద్ద బొమ్మ చేసి తెచ్చి చూపిస్తే, ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "బాగా ఇస్త్రీ చేశావురా ఆకాశాన్ని," అనేవారు. అది మెచ్చుకోలో వెక్కిరింతో ఆయనకి ముప్ఫై ఏళ్ళొచ్చినా తెలియలేదు.

ఇలాంటి పిచ్చివాళ్ళు ఊళ్ళో ఇరవై మంది దాకా ఉన్నారు. ఇరుగుపొరుగు వారు వీళ్ళని చుక్కలవాళ్ళు అనేవారు. నెలకోసారి గ్రంథాలయం మేడ మీద గదిలో కలిసేవారు. ఎవరి నక్షత్రాలు వాళ్ళకి పంచి ఉండేవి. వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాలు అవి. వాటి లెక్కలన్నీ పెద్ద పుస్తకంలో ఎక్కించి, చలికాలం చివర దూరాన ఉన్న ఒక కేంద్రానికి పంపించేది గడియారాలు బాగుచేసే ఆయన. అత్తయ్య ఆయన్ని అన్నయ్యగారూ అని పిలిచేవారు కాబట్టి నాకు బాబాయిగారు అయ్యారు. ఇంకొక నియమం కూడా ఉండేది. మన అంకెలు పంపేదాకా ఇతర ఊళ్ళ వాళ్ళవి చూడకూడదు. కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చునే మనుషులకి ఇన్ని కట్టుబాట్లేమిటా అని నవ్వుకునేదాన్ని.

మా ఇంటి నక్షత్రం పేరు కుంపటి. పుస్తకాల్లో దానికి వేరే పేరు, పక్కన ఏవో అక్షరాలూ అంకెలూ ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళ కిందట అత్తయ్య దానికి ఈ పేరు పెట్టుకున్నారు. ఎర్రటి నక్షత్రం. పద్నాలుగు నెలలకోసారి రాజుకుని, మళ్ళీ మెల్లగా ఆరిపోతూ, టెలిస్కోపులో కూడా వెతుక్కునేంతగా మసకబారుతుంది. ఆ చలికాలం అది ఆరే వంతు. అంకెల సంగతి ఒకటి చెప్పాలి. ఈ లెక్కలో అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఏడంటే బాగా కనిపిస్తోందని, తొమ్మిదంటే కళ్ళు చికిలించాలని. ఇది ఎవరు పెట్టారో గానీ తలకిందుల లెక్క. నాకు అలవాటు కావడానికి పదిరోజులు పట్టింది.

చీకటి పడగానే మేడ ఎక్కేవాళ్ళం. టార్చికి ఎర్రగుడ్డ కట్టి, ఇరవై నిమిషాలు ఊరికే కూర్చోవాలి, కళ్ళు చీకటికి అలవాటు పడాలని. తర్వాత అత్తయ్య స్టూలు మీద కూర్చుని టెలిస్కోపులో చూసేవారు. కుంపటి చుట్టూ నాలుగైదు తెల్లటి నక్షత్రాలుంటాయి, వాటి వెలుగు మారదు, వాటి అంకెలు ముందే తెలుసు. కుంపటి ఏ రెండింటికి మధ్యలో ఉందో చూసి అంకె వెయ్యాలి. గుడ్డకి దారం జత చెయ్యడం లాంటిదే అని ఆవిడ చెప్పేవారు. రెండు రీళ్ళు పట్టుకుని దీనికంటే ముదురు, దానికంటే లేత అంటూ చూసుకోవడమే.

"ఎర్ర నక్షత్రాన్ని తేరిపార చూడకు. చూసేకొద్దీ వెలుగు పెరిగినట్టు మోసం చేస్తుంది. దొంగచూపు చూడు, రాసెయ్, లేచిపో," అనేవారు.

నేను అలాగే చూసేదాన్ని, అలాగే రాసేదాన్ని. పొద్దున విప్పితే అత్తయ్య చీటీలో 7.1 ఉండేది, నా చీటీలో 7.6. మర్నాడు ఆవిడది 7.1, నాది 7.7. మొదటి మూడు వారాలు ఇదే వరస. ఆవిడ ఒక్కనాడూ కసురుకోలేదు. "కొత్త కన్ను, కుదురుకుంటుందిలే," అని నా అంకె పక్కన పెన్సిలుతో చిన్న చుక్క పెట్టేవారు. చుక్క అంటే నేర్చుకుంటున్న మనిషి అని అర్థం.

ఆ చుక్కలు చూస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. ఇరవై ఆరేళ్ళుగా తప్పని కన్ను ఎక్కడ, నాలుగు నెలల కోడలి కన్ను ఎక్కడ? చుక్కలవాళ్ళలో ఎవరికి అనుమానం వచ్చినా, "కుట్టుకొట్టావిడని అడగండి," అనేవారు. ఆవిడ కన్నంటే వాళ్ళకి కొలబద్ద. పైగా ఆవిడంటే నాకు చాలా ఇష్టం. అమ్మ దగ్గర కూడా నేనంత ధైర్యంగా మాట్లాడలేదు. అందుకని ఒకరోజు సాయంత్రం చీటీ మీద నేను చూసిన అంకె రాసి, దాన్ని గజిబిజిగా కొట్టేసి, పొద్దున ఆవిడ చీటీలో చూసిన దానికి దగ్గరగా ఇంకొకటి రాశాను. నక్షత్రం ఒక్కరోజులో ఏం మారిపోదు కదా, నిన్నటి అంకె తెలిస్తే ఇవాళ్టిది ఊహించడం ఎంత పని.

మర్నాడు విప్పారు. 7.3, 7.3.

"కుదురుకుంది," అన్నారు అత్తయ్య. ఆ రోజు టీ ఆవిడే పెట్టారు. పుస్తకంలో నా అంకె పక్కన చుక్క పెట్టలేదు.

అక్కడి నుంచి ఆవిడ తాన అంటే నేను తందాన. చూసిన అంకె ముందు చేతికి వచ్చేసేది, రాసేదాన్ని. తర్వాత దాన్ని కనపడకుండా కొట్టేసి మొహమాటపు అంకె వేసేదాన్ని. నా కంటికే ఏదో లోపముంది, నేను దాన్ని సరిదిద్దుకుంటున్నాను అనుకున్నాను. అబద్ధం రాస్తున్నానని ఒక్కసారి కూడా అనిపించలేదు.

చలి ముదిరేసరికి అత్తయ్యలో ఏదో హుషారు మొదలైంది. మిషను తొక్కుతూ కూనిరాగం తీసేవారు. పాత పుస్తకాలు దించి, రాత్రి భోజనాలయ్యాక నేల మీద పరిచేవారు. ఆరడం ఇంతదాకా వచ్చేసరికి కుంపటి ఎప్పుడూ 8.6 దగ్గర ఉండేది, ఇప్పుడు 7.8 దగ్గరే ఉంది. పోయినసారి కూడా కొంచెం వెలుగు ఎక్కువే, అంతకుముందు సారి కూడా రవ్వంత. అది ఏటికేడాది ఆరడం మానేస్తోంది. ఒక నక్షత్రం తన నడత మార్చుకుంటుంటే దాన్ని మొదట పట్టుకున్నది మా మేడ మీద స్టూలు.

గడియారాలాయన వచ్చి అంకెలన్నీ చూశారు. ఆయన ఊరికే పొంగిపోయే మనిషి కాదు. గడియారం ఆడుతోందని మీరు చెప్పినా చెవి దగ్గర పెట్టుకుని వింటారు. "నువ్వొక్కదానివే అయితే ఇంకో ఏడాది ఆగుదాం అనేవాణ్ణి చెల్లెమ్మా. కానీ కోడలి కన్ను కూడా అదే చెబుతోంది. చిన్నదాని కన్ను, చీటీల పద్ధతి. ఇక అనుమానం లేదు," అన్నారు. చలికాలం చివరి సమావేశంలో చదవడానికి ఆయన తన గుండ్రటి రాతలో ఒక ప్రకటన రాసి పెట్టారు. అందులో అత్తయ్య పూర్తి పేరు ఉంది. ఇరవై ఆరేళ్ళలో ఆ గదిలో ఎవరూ ఆవిడ పూర్తి పేరు పైకి చదవలేదు. ఆవిడ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడతలు పడకుండా నమూనా కాగితాల మధ్య పెట్టుకున్నారు. నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను.

ఆ వారమే హోటలు మేనేజరు కోటు వెనక్కి తెచ్చారు. ముదురు నీలం కోటు. అంచంతా అత్తయ్య నల్లదారంతో కుట్టారు. ఆయన మర్యాదస్తుడు, నీళ్ళు నమిలి నమిలి సంగతి చెప్పారు. అత్తయ్య కోటు చేతిలోకి తీసుకుని, దారం నీలమే అన్నారు, మీ హోటల్లో పసుపు దీపాల కింద అలా కనిపిస్తుంది అన్నారు. మేనేజరు నా వైపు చూశారు. నేను కాజా వైపు చూశాను. కోటు వదిలేసి వెళ్ళిపోయారు. అత్తయ్య దాన్ని కొక్కేనికి తగిలించి ఆ రోజంతా దాని వైపు చూడలేదు.

ప్రకటనకి ఒక ఫోటో కూడా జతచేస్తే బాగుంటుందని గడియారాలాయన అడిగారు. ఆదివారం స్టూడియో మూసి ఉంటుంది కాబట్టి నేను కూడా మా ఆయనతో వెళ్ళాను. గోడల మీద ఆయన ఆకాశం బొమ్మలున్నాయి, వాటిలో కుంపటి దానిమ్మ గింజలా మెరుస్తోంది. అది రంగు పెంచిన బొమ్మ. కొలవడానికి అది పనికిరాదు. అందుకని ఆయన రంగులు ముట్టుకోని అసలు ఫోటోలు కంప్యూటర్లో తెరిచి, ఏదో లెక్క కట్టి, పక్కనున్న తెల్ల నక్షత్రాలతో పోల్చారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ పైన కుర్చీలో వెనక్కి వాలారు.

"8.6 వస్తోంది," అన్నారు చివరికి. "అమ్మ 7.8 అంటోంది."

రెండు రోజుల కిందట చీటీ మీద నేను రాసి కొట్టేసిన అంకె 8.5.

"నీ చీటీలు కూడా అమ్మవాటితో కలిశాయి కదా. ఇద్దరు మనుషులు ఒక్కటే చూశారంటే నా కొలతలోనే ఏదో తప్పుంది. ఇది పక్కన పడేద్దాం. బొమ్మ ఒకటి ఇచ్చేస్తే సరిపోతుంది," అంటూ ఆయన కంప్యూటర్ ఆపడానికి చెయ్యి చాపారు.

నేను చెయ్యి పట్టుకుని ఆపాను. చెప్పేశాను. చెబుతుంటే నాకే వినలేనట్టుంది. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "అమ్మకి చెప్పు. నేను చెప్పడం కాదు, నువ్వే చెప్పు," అన్నారంతే.

మర్నాడు పొద్దున గుండీల డబ్బా బల్ల మీద పెట్టి ఉంది. గడియారాలాయన కూడా వచ్చి కూర్చున్నారు, ఫోటో కోసం. అత్తయ్య మూత తియ్యబోతుంటే, "ఆగండి అత్తయ్యా," అన్నాను. నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పడానికి మొహం చెల్లలేదు. రెండు నెలలుగా నా చీటీల్లో ఉన్నవి నేను చూసిన అంకెలు కావనీ, మీ అంకె చూసి వేసినవనీ, చూసినవి కొట్టేశాననీ. మా ఆయన ఫోటో కొలత కాగితం బల్ల మీద పెట్టారు. గడియారాలాయన దాన్ని చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చూశారు.

అత్తయ్య డబ్బా మూత మీద చెయ్యి అలాగే ఉంచి నా వైపు చూశారు. వీధిలో ఎవరో షట్టర్ ఎత్తిన చప్పుడు వినిపించింది.

"ఎందుకు?" అన్నారు.

"మీ కన్ను తప్పదని."

"నా కన్ను తప్పితే పట్టుకోవడానికే కదే రెండో చీటీ," అన్నారు. గొంతు పెంచలేదు. నేను ఏడ్చాను. ఆవిడ నన్ను ఊరుకోబెట్టలేదు, ఊరుకోబెట్టాల్సిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. లేచి వెళ్ళి కొక్కేనికి ఉన్న కోటు తీసి, కిటికీ దగ్గర ఎండలో పట్టుకుని అంచు చూశారు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. తర్వాత కొడుకుని అడిగారు.

"నువ్వు కెమెరాకి మూత పెట్టి కూడా ఫోటోలు తీస్తావు కదరా. ఎందుకది?"

మూత పెట్టి ఫోటో తీసే మొనగాడని ఆయన్ని ఎన్నోసార్లు ఏడిపించిన మనిషి ఆవిడే. "కెమెరా సొంతంగా పుట్టించే మచ్చలు ఉంటాయమ్మా. చీకట్లో తీస్తే అవొక్కటే కనిపిస్తాయి. తర్వాత అసలు ఫోటోలోంచి వాటిని తీసేస్తాను," అన్నారాయన.

"అయితే నా కంటికీ ఆ పరీక్ష ఒకటి పెట్టాలి," అన్నారు అత్తయ్య.

డబ్బా బోర్లించి చీటీలు పక్కన పెట్టి, దారాల అరలోంచి పన్నెండు రీళ్ళు తియ్యమన్నారు నన్ను. ఏవి తీస్తున్నావో చెప్పకు అన్నారు. ఒక్కో రీలు ఎండలో పెట్టాను. ఆవిడ చీటీ మీద రంగు రాసి మడిచారు, నేను రాసి మడిచాను. పన్నెండూ అయ్యాక గడియారాలాయన విప్పి చదివారు. ఎరుపు, ఎరుపు. పసుపు, పసుపు. నలుపు, ముదురు నీలం. గోధుమ, గోధుమ. బూడిద, లేత నీలం. నాలుగు తేడాలు వచ్చాయి, నాలుగూ నీలంలోనే. నేను రాసినవి రీళ్ళ అడుగున అచ్చేసిన పేర్లతో కలిశాయి.

"నీలం పోయింది నాకు," అన్నారు అత్తయ్య. అదేదో కత్తెర కనిపించడం లేదన్నట్టు అన్నారు. తర్వాత ఆవిడే విడమరిచి చెప్పారు, మాకు తోచకముందే. కంట్లో శుక్లం వస్తూ ఉండి ఉంటుంది. అది పసుపు రంగు అద్దంలా అడ్డుపడి నీలాన్ని మింగేస్తుంది, ఎరుపుని వదిలేస్తుంది. కుంపటి చుట్టూ ఉన్న నక్షత్రాలు నీలం కలిసిన తెలుపు. అవి మసకబారి కనిపిస్తుంటే ఎర్రటి కుంపటి వాటి పక్కన వెలుగుతున్నట్టే ఉంటుంది. శుక్లం ఏటికేడాది పెరుగుతుంది. కుంపటి ఏటికేడాది ఆరడం మానేస్తుంది.

గడియారాలాయన మెల్లగా ప్రకటన కాగితం కోసం చూశారు. "పోనీలే చెల్లెమ్మా. ఈ చలికాలం అంకెలు పక్కన పెట్టేద్దాం. అంతేగా."

"అంతే కాదు అన్నయ్యగారూ. నా కన్ను ఎప్పటి నుంచి తప్పుతోందో తేలాలి."

అది ఎలా తేలుతుందో నాకు అర్థం కాలేదు. ఆవిడ బల్ల కిందనుంచి ముక్కల పుస్తకం తీశారు. కుట్టిన ప్రతి బట్టలోంచి వేలెడు ముక్క, దానికి వాడిన దారంతో నాలుగు కుట్లు వేసి, తేదీతో సహా అతికించి ఉంచేవారు. ఎప్పుడైనా సరిచెయ్యడానికి తెస్తే అదే దారం వెతకడానికి. ఇప్పుడు ఆ పుస్తకాన్ని చివరి పేజీ నుంచి వెనక్కి తిప్పడం మొదలుపెట్టారు. నీలం గుడ్డ వచ్చినప్పుడల్లా నా వైపు తిప్పేవారు.

"దారం?"

"నలుపు."

"ఇది?"

"నలుపే."

ఏడాది వెనక్కి వెళ్ళాం. కొన్నిచోట్ల నీలానికి నీలమే ఉంది, కొన్నిచోట్ల నలుపు. చెయ్యి అలవాటు కొద్దీ సరైన అరలోకి వెళ్ళిన రోజులు కొన్ని ఉన్నాయి. ఏడాదిన్నర. తర్వాత పది నెలల పాటు ఒక్క తప్పూ రాలేదు. గడియారాలాయన ఊపిరి పీల్చుకున్నారు. ఏడాదిన్నర దగ్గర గీత పడితే పాత అంకెలు చాలావరకు దక్కుతాయి. అప్పుడు ఒక నర్సు కోటు ముక్క వచ్చింది. చిన్న ముక్క. మొదట చూస్తే నీలం మీద నీలమే. ఎండ వైపు వంచితే కుట్టు నల్లగా ఉంది.

"ఇది?" అన్నారు అత్తయ్య.

నీలం అని ఒక్క మాట అంటే పది నెలలు నిలబడతాయి. ఎన్ని సాయంత్రాలు ఆవిడ చలిలో స్టూలు మీద కూర్చున్నారో, వేళ్ళు కొంకర్లు పోతుంటే గ్లవుజుల్లోంచి పెన్సిలు పట్టుకున్నారో అవన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి. ఆవిడకి అది కనిపించదు. మిగతా ఇద్దరూ దూరంగా కూర్చున్నారు. ఆవిడ మొహంలోకి చూశాను. ఆ మొహం నన్ను ఏమీ బతిమాలడం లేదు, ఊరికే జవాబు కోసం చూస్తోంది.

"నలుపే అత్తయ్యా," అన్నాను.

ఆవిడ తలాడించి తేదీ చదివారు. తర్వాత పరిశీలనల పుస్తకం తెచ్చి, ఆ తేదీ దగ్గర స్కేలు పెట్టి, సుద్దతో గుడ్డ మీద గీసినంత తిన్నగా అడ్డగీత గీశారు. కింద ఉన్నవన్నీ అనుమానం అని రాసి సంతకం చేశారు. రెండేళ్ళ నాలుగు నెలలు. నాలుగు వందల పన్నెండు అంచనాలు. వాటిని లెక్కపెట్టింది కూడా ఆవిడే. నాకు ఆ క్షణంలో ఆవిడ మీద కలిగిన గౌరవం ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలియదు. కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే తిడతారని ఊరుకున్నాను.

"మరి అమ్మాయి చీటీలు?" అన్నారు గడియారాలాయన.

చీటీలు పారేసే అలవాటు ఆ ఇంట్లో లేదు. మొత్తం చలికాలం చీటీలు అరలో కట్టలు కట్టి ఉన్నాయి. కొట్టివేతలు నేను మామూలుగా చెయ్యలేదు, అడుగున ఏముందో దేవుడికి కూడా తెలియకుండా రుద్దేశాను. గడియారాలాయన జేబులోంచి కంటికి పెట్టుకునే భూతద్దం తీసి బిగించుకుని, చీటీని వెనక్కి తిప్పి దీపం ముందు వాలుగా పట్టుకున్నారు. పెన్సిలు నొక్కిన గాడి వెనక వైపు తేలింది. ఒక్కొక్కటే చదివారు. 7.9. 8.0. 8.0. 8.2. మధ్యాహ్నం దాకా పట్టింది. ఆయన చదువుతుంటే మా ఆయన గళ్ళ కాగితం మీద చుక్కలు పెట్టారు. పాతికేళ్ళుగా కుంపటి ఎలా ఆరుతోందో ఆ చుక్కలూ అలాగే దిగుతూ వెళ్ళాయి. అది ఏ నడతా మార్చుకోలేదు.

కొట్టేసిన అంకెలు పంపించవచ్చా అన్నది ప్రశ్న. నేను వద్దన్నాను, కాకిలెక్కలు రాసిన చేతిని ఎవరు నమ్ముతారని. అత్తయ్య ఆలోచించి, మొదట రాసిందే చూసినది కాబట్టి అవే పంపాలన్నారు. కాకపోతే ఎలా దొరికాయో కింద వివరంగా రాయాలి, ఏదీ దాచకూడదు. ఆ వివరం నాచేతే రాయించారు. అంత కష్టమైన కాగితం నేను జీవితంలో ఇంకొకటి రాయలేదు.

సమావేశం రోజున గడియారాలాయన నిలబడి అత్తయ్య పూర్తి పేరు చదివారు. నాలుగు వందల పన్నెండు అంచనాలని ఆవిడే వెనక్కి తీసుకుంటున్నారనీ, కారణం ఇదీ అనీ, పరీక్ష ఎలా చేశారో అదీ చదివారు. ఆ తర్వాత వెనకవరుసలో ఒక పెద్దాయన లేచి, ఆ రీళ్ళ పరీక్ష తనకి కూడా పెడతారా అని అడిగారు. ఆ నెలలో చుక్కలవాళ్ళలో ముగ్గురు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

అత్తయ్య కుడికంటికి ఆపరేషన్ అయింది. ఎడమది ఆరు నెలలు ఆగాలన్నారు. కట్టు విప్పి ఇంటికి వచ్చిన రోజు ఆవిడ దారాల అర ముందు నిలబడి, "ఇంత గోల చేస్తున్నాయేమిటివి," అన్నారు నీలాల వైపు చూస్తూ. మర్నాడే మేనేజరు కోటు అంచు విప్పడం మొదలుపెట్టారు. డాక్టరు వారం ఆగమన్నా వినలేదు.

టెలిస్కోపు దగ్గరికి మాత్రం డాక్టరు సరే అనేదాకా వెళ్ళలేదు. అప్పటికి చలి పోయింది. కుంపటి పడమటికి దిగిపోయి, ఇంకో రెండు మూడు రోజులైతే వాటర్ ట్యాంకు వెనక్కి వెళ్ళిపోయేలా ఉంది. ఆ సాయంత్రం ముగ్గురం మేడ ఎక్కాం. మా ఆయన కెమెరా తెచ్చారు గానీ బిగించలేదు. ఇరవై నిమిషాలు చీకట్లో కూర్చున్నాం. అత్తయ్య స్టూలు మీద కూర్చుని కుడికన్ను ఆనించారు.

చాలాసేపు కదల్లేదు. తేరిపార చూడద్దని నాకు చెప్పిన మనిషి, ఆ రోజు తేరిపార చూశారు. కుంపటిని కాదు, చుట్టూ ఉన్న తెల్లవాటిని.

"అమ్మాయ్," అన్నారు. "వీటిని మర్చిపోయానే నేను."

చీర కొంగుతో బుగ్గ తుడుచుకున్నారు, డాక్టరు చెప్పినట్టు కంటిని ముట్టుకోకుండా. చీటీ రాసి మడిచారు. తర్వాత ఎడమకంటితో చూసి ఇంకో చీటీ రాశారు. నేను చూసి నాది రాశాను. ఒక్కటే అంకె, కొట్టివేత లేకుండా.

పొద్దున టీ పెట్టుకుని డబ్బా తెరిచాం. నాది 8.9. ఆవిడ కుడికంటిది 9.1. మునుపైతే ఆ తేడా చూసి నా ప్రాణం సగం పోయేది. ఇప్పుడు ఎందుకో నవ్వొచ్చింది.

"నాది చూసి వెయ్యలేదు కదా?" అన్నారు అత్తయ్య.

"మీది చూస్తే 9.1 వేసేదాన్ని కదా అత్తయ్యా."

"అదీ నిజమే," అని రెండు అంకెలూ సిరాతో ఎక్కించారు, ఒకదాని కింద ఒకటి, చుక్కలేమీ లేకుండా. మూడో చీటీ విప్పారు. ఎడమకంటిది. 8.3 అని ఉంది. అక్షరాలు గుండ్రంగా, గట్టిగా, ఒక్క చోట తడబడకుండా ఉన్నాయి. దాన్ని పుస్తకంలో ఎక్కించలేదు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. తర్వాత నా చేతిలో పెట్టారు.

"దీన్ని దాచు," అన్నారు. "చూడు, ఎంత నమ్మకంగా రాశానో."

ఆ చీటీ నా దగ్గరే ఉంది. ఇప్పుడు మేడ మీద స్టూలు నాది. ఏటా ఒకసారి, నీలం రీళ్ళు నాలుగూ కలిపి పన్నెండు రీళ్ళు నా ముందు పెట్టమని మా ఆయన్ని అడుగుతాను.